వెయిటింగ్ లిస్టులో ఉన్న పెద్ద పేరా, చేతిలో ఉన్న కన్వీనర్ సీటా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. గుంటూరు కొరిటెపాడులో ఉంటున్న ఒక తండ్రి అడుగుతున్నారు. వారి అమ్మాయికి ఈఏపీసెట్ (రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష) కౌన్సెలింగ్ తొలి విడతలో ఊరికి దగ్గరలోని ఒక మంచి కళాశాలలో కన్వీనర్ కోటా కింద, అంటే ర్యాంకును బట్టి ప్రభుత్వం నిర్ణయించిన ఫీజుకు, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) సీటు వచ్చింది. తమిళనాడులోని ఒక డీమ్డ్ (విశ్వవిద్యాలయ హోదా పొందిన ప్రైవేటు) విశ్వవిద్యాలయంలో సీఎస్‌ఈకి (కంప్యూటర్ సైన్స్) వెయిటింగ్ లిస్టులో ఉంది. ఐఐటీలు, ఎన్‌ఐటీల వంటి కేంద్ర సంస్థల సీట్లకు జరిగే జోసా కౌన్సెలింగ్ ఇంకా నడుస్తోంది కాబట్టి ఎన్‌ఐటీ మీద కొద్దిగా ఆశ మిగిలింది. ఇంట్లో ఇద్దరి సంపాదన కలిపి ఏడాదికి 8 లక్షల లోపే. తెనాలి వైపు ఉన్న స్థలం అమ్మి అయినా పేరున్న చోట చేర్పించమని బంధువులు అంటున్నారు. అమ్మాయి రోజంతా ఫోను వదలకుండా ఆ వెయిటింగ్ లిస్టు కదిలిందా లేదా అని చూస్తోంది. ఏ సీటు తీసుకోవాలి, అమ్మాయి మనసును ఎలా కుదుటపరచాలి, ఇక్కడ తరగతులు మొదలయ్యాక అక్కడి నుంచి పిలుపు వస్తే ఏం చేయాలి అన్నవి ఆయన ప్రశ్నలు.

నేను విజయవాడ పరిసరాల ఇంజినీరింగ్ కళాశాలల్లో చాలా ఏళ్లు పాఠాలు చెప్పి, కొంతకాలం ప్రవేశాల విభాగంలోనూ, తరువాత ప్రాంగణ నియామకాల విభాగంలోనూ పనిచేశాను. సీటు కోసం వచ్చే తల్లిదండ్రులనూ, నాలుగేళ్ల తరువాత ఉద్యోగం కోసం వచ్చే పిల్లలనూ చూసినవాడిగా నా సమాధానం చెబుతాను.

చేతిలో ఉన్న ఈసీఈ సీటును గడువులోగా ఫీజు కట్టి, రిపోర్టు చేసి ఖాయం చేసుకోండి. ఎన్‌ఐటీ సీటు వస్తే మారండి. డీమ్డ్ విశ్వవిద్యాలయం నుంచి పిలుపు వచ్చినా, ఫీజులో గణనీయమైన రాయితీ ఇస్తే తప్ప, స్థలం అమ్మి చేర్పించవద్దు. ఎందుకో ఇక వివరంగా రాస్తాను.

ముందు వెయిటింగ్ లిస్టు సంగతి. రైలు టికెట్టుకైతే మన సంఖ్య ఎంతో, నిన్నటికీ నేటికీ ఎంత తగ్గిందో కనిపిస్తుంది. ప్రైవేటు విశ్వవిద్యాలయాల జాబితాల్లో చాలావాటికి ఆ మాత్రపు పారదర్శకత కూడా ఉండదు. ఆ జాబితా ఎప్పుడు కదులుతుందనేది మాత్రం కొంత ఊహించవచ్చు. మన ప్రాంతంలో ఒక మోస్తరు ర్యాంకు వచ్చిన విద్యార్థి ఒకేసారి మూడు నాలుగు చోట్ల సీటు పట్టుకుని ఉంటాడు: ఈఏపీసెట్‌లో ఒకటి, జోసాలో ఒకటి, ముందే అడ్వాన్సు కట్టిన ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఒకటి. అతడు ఒకచోట స్థిరపడి మిగతావి వదిలినప్పుడే వెనుక ఉన్నవారికి పిలుపు వస్తుంది. అందువల్ల ఈ జాబితాలు రోజూ ఒక్కొక్క మెట్టు చొప్పున జరగవు. జోసా రౌండు ముగిసినప్పుడు, ఈఏపీసెట్ విడత కేటాయింపులు వెలువడినప్పుడు, చివరగా జోసా తరువాత మిగిలిన ఎన్‌ఐటీ తదితర సీట్లకు జరిపే సీశాబ్ ప్రత్యేక రౌండ్లు అయ్యాక ఒక్కసారిగా కదులుతాయి. ఆ తేదీల మధ్య రోజుల్లో గంటకోసారి చూడటం వల్ల కంటికి నిద్ర కరవవడమే తప్ప వేరే ప్రయోజనం లేదు. ఆ కౌన్సెలింగుల తేదీలను క్యాలెండరులో గుర్తు పెట్టుకుని, ఆ మరునాడు మాత్రమే చూడమని అమ్మాయికి చెప్పండి.

ఇదే సమయంలో గుంటూరు బ్రాడీపేట నుంచో, విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచో సీట్లు ఇప్పిస్తామనే మధ్యవర్తుల ఫోన్లు మీకు వస్తాయి. "రెండే సీట్లు మిగిలాయి, ఈ సాయంత్రంలోగా యాభై వేలు కడితే అమ్మాయి పేరు పైకి వస్తుంది" అంటారు. జాబితాలో వరుసను మధ్యవర్తి మార్చగలడంటే ఆ సీటు వరుస ప్రకారం ఇచ్చేది కాదని అర్థం. మన రాష్ట్రంలో క్యాపిటేషన్ ఫీజును, అంటే సీటు కోసం అసలు ఫీజుకు మించి అడిగే డబ్బును, 1983 నాటి చట్టమే నిషేధించింది. రసీదు ఇవ్వని రూపాయి ఏదీ కట్టవద్దు.

ఇక చేతిలోని సీటును ఖాయం చేసుకోవడంలో కొన్ని మెలికలు ఉన్నాయి. ప్రవేశాల విభాగంలో ఉన్నప్పుడు ఎక్కువ కన్నీళ్లు వీటి దగ్గరే చూశాను.

ఈఏపీసెట్ తదుపరి విడతలో మళ్లీ వెబ్ ఆప్షన్లు ఇచ్చి, అక్కడ కొత్త సీటు వస్తే, పాత సీటు దానంతట అదే రద్దవుతుంది. కొత్తది నచ్చలేదు, పాతదే ఇవ్వండి అంటే కుదరదు. కాబట్టి రెండో విడతలో ఇప్పుడున్న సీటు కంటే నిజంగా మెరుగైనవి మాత్రమే పెట్టండి. మీ విషయంలో ఇప్పుడు వచ్చిన కళాశాలలోనే సీఎస్‌ఈ, దానికి అనుబంధమైన కోర్సులు, ఆపైన మీకు నచ్చిన మరో రెండు మూడు కళాశాలలు చాలు. "ఎన్ని ఎక్కువ పెడితే అంత మంచిది" అనే సలహా తొలి విడతకు పనికివస్తుంది. చేతిలో సీటు ఉన్నవారికి అదే ఉచ్చు. మంగళగిరికి చెందిన ఒక అబ్బాయి ఇలాగే వంద దాకా ఆప్షన్లు పెట్టి, బస్సులో రోజూ వెళ్లి రాగలిగే సీటును పోగొట్టుకుని, ఎక్కడో రెండు జిల్లాల అవతల చేరవలసి వచ్చింది. ఇంకొక మాట: విడతలన్నీ అయ్యాక మిగిలిన సీట్లకు జరిపే స్పాట్ ప్రవేశాల్లో చేరినవారికి ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. మీ ఆదాయానికి అది ఎలాగూ అందకపోవచ్చు గానీ, ఇది చదివే ఇతరుల కోసం చెబుతున్నాను.

జోసాలోనూ ఇటువంటిదే ఒకటి ఉంది. సీటు వచ్చాక ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్ అని మూడు దారులు ఇస్తారు. వచ్చిన సీటుతో ఆగిపోతే ఫ్రీజ్. అదే సంస్థలో మెరుగైన బ్రాంచి కోసం చూస్తే స్లైడ్. ఏ సంస్థలోనైనా మన వరుసలో పైన పెట్టినది కావాలంటే ఫ్లోట్. ఫ్లోట్ పెట్టినంత మాత్రాన ఉన్న సీటు పోదు, పై ఆప్షన్ దొరికినప్పుడే మారుతుంది. అయితే సీటును వెనక్కి ఇచ్చే వెసులుబాటు చివరి రౌండుకు ముందే ముగిసిపోతుంది. సీశాబ్ ప్రత్యేక రౌండ్లలో పాల్గొని కొత్త సీటు పొందితే జోసాలో వచ్చినది పోతుంది.

ఎన్‌ఐటీ ఆశ ఎంతవరకు నిజమో మీరు రాసిన వివరాలతో చెప్పలేను గానీ, చూడవలసిన చోటు చెబుతాను. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వారివి. మనకు అది తాడేపల్లిగూడెంలోని ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐటీ. వరంగల్‌లో మన పిల్లలు ఇతర రాష్ట్రాల కోటాలోనే పోటీ పడాలి. ఇక్కడ సొంత రాష్ట్రం అంటే ఇల్లు ఉన్న రాష్ట్రం కాదు, ఇంటర్ రెండో సంవత్సరం ఉత్తీర్ణులైన రాష్ట్రం. అమ్మాయిని హైదరాబాదులో ఇంటర్ చదివించి ఉంటే లెక్క తలకిందులవుతుంది: ఆమెకు వరంగల్ సొంతం, తాడేపల్లిగూడెం పరాయి. ఇంకొకటి, 2018 నుంచి ఐఐటీలు, ఎన్‌ఐటీల్లో బాలికలకు అదనపు సీట్లు ఉన్నాయి. గత ఏడాది ముగింపు ర్యాంకులు చూసేటప్పుడు అందరికీ ఉమ్మడిగా ఉన్న వరుస చూసి నిరాశపడి ఊరుకోకుండా, బాలికలకు ప్రత్యేకించిన వరుసను కూడా చూడండి. చాలా బ్రాంచీల్లో ఆ ర్యాంకు ఇంకా దూరం వెళుతుంది.

ఇప్పుడు డబ్బు. పేరుప్రతిష్ఠల గురించి ఎవరితో మాట్లాడినా ముందు నాలుగేళ్ల మొత్తం ఖర్చు కాగితం మీద వేయమంటాను. ఎందుకంటే విశ్వవిద్యాలయాలు ఏడాది ఫీజునే చెబుతాయి, మనం కూడా దాన్నే పట్టుకుంటాం. మీరు రాసినట్లు అక్కడ ట్యూషన్ ఫీజు ఏడాదికి 4 లక్షలు, హాస్టలు, మెస్సు కలిపి లక్షన్నర అనుకుంటే నాలుగేళ్లకు 22 లక్షలు. ఇక్కడ కన్వీనర్ కోటా ఫీజు 80 వేలు, కళాశాల బస్సుకు 30 వేలు అనుకున్నా నాలుగేళ్లకు నాలుగున్నర లక్షల లోపే. తేడా 17 లక్షల పైమాట.

స్థలం అమ్మకుండా రుణం తీసుకుంటే ఎలా ఉంటుందో కూడా చూద్దాం. ట్యూషన్ ఫీజు మాత్రమే, ఏడాదికి 4 లక్షల చొప్పున 16 లక్షలు, పదిన్నర శాతం వడ్డీకి తీసుకున్నారనుకోండి. చదువు కాలం, ఆపైన ఒక ఏడాది వాయిదాలు కట్టనక్కరలేదని బ్యాంకు చెబుతుంది. వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే నడుస్తుంది. సాధారణ వడ్డీ లెక్కనే ఆ అయిదేళ్లలో 5 లక్షల 88 వేలు చేరి, వాయిదాలు మొదలయ్యే నాటికి బాకీ దాదాపు 22 లక్షలు అవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 29,500 రూపాయలు, పదిహేనేళ్లలో అంటే 24 వేలు. పెద్ద ఐటీ సేవా సంస్థలు కొత్తగా చేరేవారికి మామూలుగా ఇచ్చేది ఏడాదికి మూడున్నర లక్షల చుట్టూనే ఉంటోంది. వృత్తి పన్ను, పీఎఫ్ పోగా చేతికి వచ్చేది నెలకు పాతిక వేల లోపు. అంటే తొలి ఉద్యోగం జీతం మొత్తం పెట్టినా పదేళ్ల వాయిదాకు సరిపోదు, పదిహేనేళ్ల వాయిదా కడితే చేతిలో దాదాపు ఏమీ మిగలదు. మీ అమ్మాయికి అంతకంటే ఎంతో మంచి ఉద్యోగం రావచ్చు, రావాలనే కోరుకుంటాను. కానీ రుణం లెక్క వేసేటప్పుడు మధ్యలో నిలిచే విద్యార్థి జీతాన్ని పెట్టుకోవాలి గానీ, ప్రకటనల్లో ఫొటో వేసే విద్యార్థి జీతాన్ని కాదు.

అందుకే అత్యధిక ప్యాకేజీని పూర్తిగా పక్కన పెట్టండి. నియామకాల విభాగంలో పనిచేసినవాడిగా ఇది కాస్త కటువుగానే చెబుతున్నాను. ఒకే విద్యార్థికి వచ్చిన మూడు ఆఫర్లను మూడు ఉద్యోగాలుగా చూపించడం, సగటు జీతాన్ని ముగ్గురు నలుగురి భారీ జీతాలతో పైకి లాగడం ఈ రంగంలో అందరికీ తెలిసిన విద్యలే. వీటికి బదులు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగుల కోసం కళాశాలలు సమర్పించే వివరాలు చూడండి. పాల్గొన్న ప్రతి సంస్థ ఆ పత్రాన్ని తన వెబ్‌సైటులో పెట్టాలి. ఎంతమంది గడువులోగా డిగ్రీ పూర్తి చేశారు, వారిలో ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతం (వరుసలో సరిగ్గా మధ్యలో నిలిచే విద్యార్థి జీతం) ఎంత, ఎంతమంది పై చదువులకు వెళ్లారు అన్నవి మూడేళ్లకు వరుసగా అందులో ఉంటాయి. బ్రాంచీలవారీగా విడదీసి ఉండకపోవడం ఒక లోపం. అయినా ఆ డీమ్డ్ విశ్వవిద్యాలయం మధ్యస్థ జీతాన్నీ, మీ గుంటూరు కళాశాల మధ్యస్థ జీతాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ తేడా 17 లక్షల తేడాను ఎన్నేళ్లలో పూడుస్తుందో మీకే తెలుస్తుంది.

అయితే పేరుకు విలువే లేదని నేను అనడం లేదు. ఐఐటీలు, పాత ఎన్‌ఐటీలు, బిట్స్ వంటి చోట్ల పేరు నిజంగా తేడా తెస్తుంది. అక్కడికి నియామకాలకు వచ్చే కంపెనీలు వేరు. అంతకన్నా ముఖ్యంగా, పక్క బల్ల మీద కూర్చునే విద్యార్థులు వేరు. నాలుగేళ్లు తనకంటే బాగా చదివేవారి మధ్య ఉండటం పిల్లల మీద చూపే ప్రభావాన్ని నేను తక్కువ చేసి చెప్పలేను. ఆ వరుస దాటాక సంగతి మారుతుంది. ఏడాదికి వేలమందిని చేర్చుకునే ప్రైవేటు విశ్వవిద్యాలయం బ్రోషరులోని పెద్ద కంపెనీలు ఆ వేలమందిలో కొద్దిమందిని తీసుకుని వెళతాయి. మిగతావారు రాసేది, మన విజయవాడ, గుంటూరు పక్కనున్న కానూరులోనో, చౌడవరంలోనో, వడ్లమూడిలోనో చదివిన పిల్లలు రాసే ఆ ఐటీ సేవా సంస్థల పరీక్షలే. ఆ పరీక్షకు సీఎస్‌ఈ, ఈసీఈ అన్న తేడా కూడా చాలావరకు ఉండదు. ఈసీఈ అయితే ఎలక్ట్రానిక్స్ రంగం అదనంగా తెరిచి ఉంటుంది.

ఎన్‌ఐటీ వస్తే మారమని అన్నది కూడా ఒక్క పేరు కోసం కాదు. అక్కడ ట్యూషన్ ఫీజు ఏడాదికి లక్షా 25 వేలు. కుటుంబ ఆదాయం 5 లక్షల లోపు ఉంటే అందులో మూడింట రెండు వంతులు, లక్ష లోపు ఉంటే మొత్తం మాఫీ. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ఆదాయంతో పనిలేకుండా మాఫీ. మీకు మాఫీ రాకపోయినా, హాస్టలుతో కలిపి చూసినా డీమ్డ్ విశ్వవిద్యాలయం ఖర్చులో సగం కూడా కాకపోవచ్చు. తాడేపల్లిగూడెంలో ఈసీఈ వస్తే నేను క్షణం ఆలోచించను. సివిల్, మెటలర్జీ వంటివి వస్తే మాత్రం అమ్మాయిని అడగాలి. ఆ విషయాల మీద ఇష్టం లేకుండా బోర్డు మీద పేరు కోసం చేరి, నాలుగేళ్లు ముళ్ల మీద కూర్చున్నట్టు గడిపినవారిని చూశాను. అలాగే ఇష్టంగా మెటలర్జీ చేరి ఉక్కు పరిశ్రమలో బాగా స్థిరపడిన తెనాలి అబ్బాయినీ చూశాను.

తల్లిదండ్రులు దాదాపుగా పట్టించుకోని మాట ఒకటి ఉంది: పేరున్న డిగ్రీ కొనుక్కోవడానికి బీటెక్ ఒక్కటే అవకాశం కాదు. గేట్ (ఎంటెక్ ప్రవేశాలకు జరిగే జాతీయ పరీక్ష) రాసి ఐఐటీలోనో ఎన్‌ఐటీలోనో ఎంటెక్ చేరితే డబ్బు కట్టవలసింది పోయి, నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం వస్తుంది. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి, వారిదీ మీలాంటి కుటుంబమే, కన్వీనర్ సీటులో ఈసీఈ చదివి, మూడో ఏడాది నుంచి గేట్‌కు సిద్ధమై, ఐఐటీలో వీఎల్‌ఎస్‌ఐ (చిప్‌ల రూపకల్పన) ఎంటెక్ చేసి ఇప్పుడు బెంగళూరులో చిప్ డిజైన్ సంస్థలో ఉంది. ఆమె బయోడేటాలో ఇప్పుడు ముందుగా అడిగేది ఎంటెక్ ఎక్కడ అనే. ఇది అందరికీ సాధ్యమని చెప్పను, గేట్ తేలిక కాదు. కానీ పదిహేడేళ్ల వయసులో ఒక్క ర్యాంకు మీద 17 లక్షలు పణంగా పెట్టడం కంటే, ఇరవై ఒకటో ఏట మరో ప్రయత్నం చేయడం చవక.

స్థలం అమ్మడం మీద బంధువుల వాదన ఎలా ఉంటుందో నాకు తెలుసు. కొందరు అమ్మి చదివించమంటారు, మరికొందరు "ఆడపిల్ల చదువుకు అంతెందుకు, పెళ్లికి ఉంచండి" అంటారు. రెండో మాటను లెక్కలోకే రానివ్వకండి. మీకు అబ్బాయి ఉన్నా నేను ఇదే సమాధానం చెప్పేవాడిని. నిజానికి అమ్మాయి కావడం వల్ల మీకు ఒక అదనపు లాభం ఉంది. సాంకేతిక విద్యను పర్యవేక్షించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి ఉపకార వేతనం కింద, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలకు మించని బాలికలకు, ఇంటికి ఇద్దరి వరకు, ఏడాదికి 50 వేలు ఇస్తారు. ఏఐసీటీఈ ఆమోదం ఉన్న కళాశాలలో మొదటి సంవత్సరం చేరినవారు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ఎంపిక మార్కుల మీద. అది వస్తే కన్వీనర్ ఫీజులో చాలా భాగం తీరిపోతుంది. ఆదాయ ధ్రువపత్రం ఇప్పుడే తీసి పెట్టుకోండి.

ఇక మినహాయింపులు. డీమ్డ్ విశ్వవిద్యాలయం ప్రతిభా రాయితీ ఇచ్చి నాలుగేళ్ల మొత్తం ఖర్చును పది లక్షల దరిదాపులకు తెస్తే, రుణం భారం మోయదగినదే, అప్పుడు ఆలోచించవచ్చు. ఆ రాయితీ నాలుగేళ్లూ కొనసాగడానికి ఎంత సీజీపీఏ (మార్కుల సగటు) నిలబెట్టాలో రాతపూర్వకంగా అడగండి. మొదటి ఏడాది తరువాత రాయితీ పోగొట్టుకున్న పిల్లలు తక్కువేమీ కాదు. ఆ సంస్థ కేంద్ర ప్రభుత్వ విద్యారుణ పథకమైన పీఎం విద్యాలక్ష్మి జాబితాలో ఉంటే హామీదారు, తనఖా లేకుండా రుణం దొరుకుతుంది. ఆదాయం 8 లక్షల లోపు ఉన్న కుటుంబాలకు 10 లక్షల వరకు రుణం మీద, వాయిదాలు మొదలయ్యేదాకా 3 శాతం వడ్డీ రాయితీకి అర్హత ఉంది. ఇంకో మినహాయింపు: మీకు వచ్చిన స్థానిక కళాశాలలో అధ్యాపకులు ఏటా మారిపోతున్నారని, ల్యాబులు బోర్డులకే పరిమితమని తెలిస్తే నా సలహా ఇంత గట్టిగా నిలవదు. ఒక రోజు పనివేళల్లో వెళ్లి, ప్రిన్సిపాల్ గదికి కాకుండా క్యాంటీనుకు వెళ్లి, మూడో ఏడాది ఈసీఈ పిల్లలతో మాట్లాడండి. అరగంటలో అసలు సంగతి తెలిసిపోతుంది.

అమ్మాయి మనసు గురించి కూడా అడిగారు. రెండేళ్లు రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా చదివిన పిల్లలకు ఈ రెండు నెలలు విశ్రాంతి కావలసిన సమయం. మనం దాన్ని మరో పరీక్షగా మార్చేస్తున్నాం. "ఏం వచ్చింది, ఎక్కడ వచ్చింది" అని అడిగే బంధువులకు సమాధానం మీరే చెప్పండి, ఫోను అమ్మాయికి ఇవ్వకండి. "గుంటూరులోనే సీటు వచ్చింది, చేరుతోంది" అంటే చాలు. వెయిటింగ్ లిస్టు మాట బయట ఎత్తకండి. ఎత్తితే అది రానప్పుడు ఓటమిలా కనిపిస్తుంది. ఖర్చు లెక్క వేసిన కాగితాన్ని మాత్రం ఆమె ముందు పెట్టండి. పదిహేడేళ్ల పిల్లకు ఇంటి ఆదాయం తెలియకూడదని దాచేవారున్నారు గానీ, లెక్క చూసిన పిల్లలు మనం అనుకున్నదానికంటే స్థిరంగా నిర్ణయం తీసుకుంటారని నా అనుభవం.

చివరగా, ఆగస్టులో స్థానిక కళాశాల తరగతులు మొదలయ్యాక పిలుపు వస్తే ఏం చేయాలన్నది. ముందుగా, ఎన్ని రోజుల్లో సమాధానం చెప్పాలో ఈమెయిలులో రాసి పంపమనండి. ఫోనులో చెప్పిన గడువును పట్టించుకోకండి. సీటు మారినా, వదిలినా ఫీజు వాపసుపై యూజీసీ 2018లో ఇచ్చిన నిబంధనలు ఉన్నాయి: ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకుముందు చెబితే మొత్తం ఫీజు, అందులో ప్రాసెసింగు కింద 5 శాతానికి గానీ 5 వేలకు గానీ, ఏది తక్కువైతే దానికి మించి కోయరాదు, చివరి తేదీకి 15 రోజుల లోపు అయితే 90 శాతం, ఆ తేదీ దాటిన 15 రోజుల వరకు 80 శాతం, 30 రోజుల వరకు 50 శాతం, ఆపైన ఏమీ రాదు. అసలు ధ్రువపత్రాలను పరిశీలించి అప్పుడే తిరిగి ఇవ్వాలే తప్ప దగ్గర పెట్టుకోరాదని కూడా అందులోనే ఉంది. అయినా జాగ్రత్త కోసం, ఎక్కడ చేరినా పదో తరగతి, ఇంటర్ మార్కుల పత్రాలు, టీసీ ఇచ్చేముందు నాలుగైదు జతల నకళ్లు తీయించుకుని, అసలువి ఇచ్చినట్టు తేదీతో రసీదు తీసుకోండి. సీటు రద్దు కోరే లేఖను కళాశాల కార్యాలయంలో ఇచ్చి, ఒక ప్రతి మీద ముద్ర వేయించుకోండి. వాపసు శాతాన్ని లెక్కించేది ఆ తేదీ నుంచే.